మందు వేసుకున్న మాట నిజమే

శ్రీయుత వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

మావాడు ఊదినాడు! క్లారినెట్టు ఊదినాడు! ఊది నవ్వినాడు, నవ్వి ఇంటికొచ్చి రెండు ముద్దలు సంగటి తిన్నాడు!

అర్జీలో ఈ మాట ముందు రాయకూడదని, విషయం ముందు రాయాలని నాకు తెలుసు. ఎనిమిదో తరగతి దాకా చదివినవాడిని. కానీ పెన్ను పట్టుకోగానే ఇదే దూసుకొని వచ్చింది, ఆపలేకపోయాను. క్షమించి, ఇక్కడి నుంచి అర్జీ మొదలైనట్లు భావించవలెను.

విషయం: తమ ఆసుపత్రిలో 'బుధవారం గది' అని మేము పిలుచుకొను గదికి వేసిన తాళం తీయించుట, కౌన్సెలింగు ఇచ్చే ప్రమోద మేడం గారికి ఇచ్చిన మెమో రద్దు చేయించుట, మరియు ఆఫీసు బీరువాలో బంధించిన క్లారినెట్టును విడుదల చేయించుట గురించి.

1. నా పేరు గంగప్ప. పెనుకొండకు పడమర దిక్కున ఉండే పల్లెలో గొర్రెలు మేపుకుంటూ, మెట్టలో శెనక్కాయ వేసుకుంటూ బతుకుతున్నాను. మా ఇంటామె చౌడమ్మ. మా కొడుకు హరిప్రసాదు. సదరు హరిప్రసాదు చిన్నతనంలో గొర్రెల వెంట పిల్లంగోవి ఊదుకుంటూ తిరిగి, మీసాలు వచ్చినాక హిందూపురంలో బ్యాండు సెట్టులో చేరి క్లారినెట్టు నేర్చుకున్నాడు. మడకశిర నుంచి ధర్మవరం దాకా మావాడు ఊదనిదే పెళ్ళికూతురు మండపంలోకి అడుగు పెట్టేది కాదు. ఇది తండ్రి రాసిన మాట కాబట్టి తాము సగానికి తగ్గించి చదువుకొనవచ్చును.

సదరు హరిప్రసాదుకు హెచ్.ఐ.వి. ఉన్నది. ఈ మాట కాగితం మీద పెట్టవచ్చునా అని వాడినే అడిగాను. "రాయి నాయనా, ఆసుపత్రోళ్ళకు తెలీంది ఏముండాది?" అన్నాడు. కాబట్టి రాస్తున్నాను. గదికి వచ్చే మిగతా వారి పేర్లు మాత్రం మార్చి, నాకు తోచిన పేర్లు పెట్టుకున్నాను. ఆసుపత్రి ఏ ఊరిదో కూడా రాయడం లేదు. తమకు తెలుసు, నాకు తెలుసు, అది చాలు.

2. జబ్బు సంగతి తెలిసిన తరువాత మావాడు క్లారినెట్టును పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసినాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. స్నానం లేదు, గడ్డం గీసుకునేది లేదు, పిలిస్తే పలికేది లేదు. లేచినాడంటే బ్రాందీ షాపుకే. బ్యాండు సెట్టు వాళ్ళు రెండు మూడుసార్లు వచ్చి పిలిచినారు. తరువాత వాళ్ళూ మానుకున్నారు.

తమ ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, "మీవాడికి డిప్రెషన్ ఉంది పెద్దాయనా" అన్నారు.

అయ్యా, నేను మెట్ట రైతును. బంగాళాఖాతంలో డిప్రెషన్ అని టీవీలో చెబితే మా ఊరంతా వాకిట్లోకి వచ్చి ఆకాశం చూస్తాము. నంబులపూలకుంటలో మా బంధువులైతే ఫోన్ చేసి, "డిప్రెషన్ మీ తట్టు వచ్చిందంట కదా, కొంచెం మా తట్టుకు తోలండప్పా" అని అడుగుతారు. ఆ లెక్కలో నేను రెండు చేతులూ జోడించి, "శానా సంతోషం తల్లీ, ఎప్పుడు పడతాది?" అని అడిగాను.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను చూసినారు.

"అది కాదు పెద్దాయనా. మీవాడు మనసులో కుంగిపోయినాడు. బతకబుద్ధి కావడం లేదంటున్నాడు. దాన్ని డిప్రెషన్ అంటాం."

జోడించిన చేతులను ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఆ మాట నిజమని నాకు చేనులో తెలిసింది. శెనక్కాయ పీకే కాలం. మావాడు నా పక్కన గట్టు మీద కూర్చొని, కూలోళ్ళు ఎంతమంది వస్తారని అడిగినంత మామూలుగా, "నాయనా, నేను లేకపోతే మీ ఇద్దరికీ నిమ్మళం కదా?" అన్నాడు. "నువ్వు లేకపోతే ఈ సాలు ఎవురు పీకుతారు రా, మీ తాతా?" అని కసిరినాను. వాడు లేచి ఆ సాలు పీకినాడు. ఆ తరువాత ఇంకో సాలు చూపించినాను. ఆ కాలమంతా నేను వాడికి సాళ్ళు చూపిస్తూనే ఉన్నాను. చేను అయిపోతుందేమోనని నాకు భయం.

3. ఇప్పుడు 'మందు' అనే మాటను గురించి తమకు విన్నవించుకోవలసి ఉన్నది. గొడవ మొత్తం దాని వల్లనే వచ్చింది.

తమ ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే. బస్టాండు దగ్గర అమ్మేదీ మందే. 'మందు వేసుకున్నాడు' అంటే ఏ మందో, చెప్పేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి తప్ప మాటను బట్టి తెలియదు.

బ్యాండు సెట్టులో ఎవరో మావాడికి చెప్పినారట: ఆ మందు వేసుకున్న దినం ఈ మందు వేసుకోకూడదు, రెండూ కడుపులో కలిస్తే మనిషి ఉండడు అని. మావాడు చెప్పిన మాట వినే బిడ్డ. ఆ మందు వేసుకున్న దినం ఈ మందును ముట్టేవాడు కాడు. ఆ మందేమో దినమూ వేసుకునేవాడు. ఫలితం తమరే ఊహించుకోవచ్చును.

చౌడమ్మ ఒకనాడు మాత్రల డబ్బా ఊపి చూసి, "ఏమబ్బా, ఇది తెచ్చినప్పుడు ఎట్లుండాదో అట్లే ఉండాదే?" అని అడిగింది.

"నేను నియమంగా ఉండాను మా," అన్నాడు మావాడు. "తాగినప్పుడు మాత్ర జోలికి పోను."

ఆ నియమానికి ఏడ్వాలో నవ్వాలో తెలియక, వాడిని వెంటబెట్టుకొని ప్రమోద మేడం దగ్గరికి పోయినాము. ఆమె అంతా విని, అరవకుండా, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకొని చెప్పింది:

"హరీ, తాగినానని మాత్ర మానుకోవద్దు. తాగొచ్చినా సరే, టైముకు మాత్ర ఏసుకో. తాగుడు సంగతి మనం కూర్చొని మాట్లాడుకుందాం."

మావాడు బిత్తరపోయినాడు. "తిట్టరా మేడం?"

"తిట్టేదానికి మీ అమ్మ ఉండాది కదా. ఆమె పని నేనెందుకు తీసుకోవల్ల?"

ఇది వాస్తవము. పొద్దు గూకే వేళకు చౌడమ్మ గడప మీద కూర్చుంటుంది. మావాడు వీధిలో నుంచి రాగానే "ఊదు" అంటుంది. వాడు వంగి ఆమె ముఖం మీద ఊదాలి. అప్పుడే లోపలికి దారి. పోలీసువారి మిషను ఒక్కోసారి తప్పు చూపిస్తుందని విన్నాను. చౌడమ్మ ముక్కు ఇంతవరకు తప్పు చూపించలేదు. సీసా మూత రంగు కూడా చెప్పగలదు. ఊది ఊది పెళ్ళిళ్ళు చేయించిన నోటితో తల్లి ముందు అట్లా ఊదవలసి వచ్చినందుకు మావాడు లోలోపల ఎంత నలిగినాడో వాడు చెప్పలేదు, మేము అడగలేదు.

4. బుధవారం గదిని గురించి. వరండా చివర, పనికిరాని మంచాలు వేసే గదిని ప్రమోద మేడం బాగు చేయించి, మందులకు వచ్చే వారిని, ఇష్టమైతే వారి ఇంటి వాళ్ళను కూడా, ప్రతి బుధవారం కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. అక్కడ నియమం ఒక్కటే. ఒక్కొక్కరు లేవాలి. మందు వేసుకుని ఉంటే "మందేసుకున్యా" అని గట్టిగా చెప్పాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. వేసుకోకపోతే "ఏసుకోలేదు" అని చెప్పాలి. నిజం చెప్పినందుకు అప్పుడూ చప్పట్లే. ఏం చెప్పినా చప్పట్లు కొట్టే చోటు ఈ వయసులో నేను అదొక్కటే చూసినాను.

ఒకసారి మావాడు లేచి, నేల చూస్తూ, "మేడం, ఆ మందూ ఏసుకున్యా, ఈ మందూ ఏసుకున్యా" అన్నాడు.

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ధర్మవరంలో మగ్గాలకు పట్టు దారం చుట్టే నాగరత్నమ్మ ఉన్నది. భర్త పోయినాడు, జబ్బు మిగిలింది. ఆమె అందరి ముఖాలూ చూసి, "ఏమబ్బా, అట్ల చూస్తాండారు? ఈ మందుకు కొట్టండి, ఆ మందుకు వద్దు!" అని తానే ముందు చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టినారు. మావాడు ఆ దినం ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయినాడు. నా భుజం తిమ్మిరెక్కినా కదపలేదు.

5. ఇక తాళం పడటానికి కారణమైన పోయిన బుధవారం సంగతి. తమకు చేరిన రిపోర్టులో ఇది ఒక రకంగా ఉన్నది. జరిగింది ఇట్లా.

అంతకు ముందు వారమే ప్రమోద మేడం, "జబ్బు రాకముందు మీ చేతిలో ఏముండేదో, అది తీసుకొని రండి" అని చెప్పి ఉన్నారు. నాగరత్నమ్మ దారం కండె తెచ్చింది. చిన్నస్వామి అని ఇంకొకాయన ఉన్నాడు. హిందూపురంలో మిరపకాయ బజ్జీల బండి ఆయనది. జబ్బు సంగతి వీధిలో తెలిసినాక ఆయన చేతి బజ్జీ తినేవారు లేక బండి మూసి, పగలే తాగుడికి దిగినవాడు. ఆ దినం ఆయన బేసిన్ నిండా బజ్జీలు వేసుకొని, పైన గుడ్డ కప్పి, తల మీద పెట్టుకొని వచ్చినాడు. మావాడు ఉత్త చేతులతో వచ్చినాడు. క్లారినెట్టును నేను శెనక్కాయల సంచిలో అడుగున పెట్టి తెచ్చినాను.

అందరూ బజ్జీలు తింటూ వరుసగా చెప్పుకుంటున్నారు.

"మందేసుకున్యా!" అన్నాడు చిన్నస్వామి. చప్పట్లు.

"నేనూ ఏసుకున్యా!" అన్నది నాగరత్నమ్మ. చప్పట్లు.

"ఉత్త కడుపుకు ఏసుకుంటే తిప్పుతాది అక్కా. ఇదిగో, బజ్జీ నంజుకో."

"నాకు మొదట్లో తిప్పేది. ఇప్పుడు అలవాటైపోయింది. దినామూ పడాల్సిందే."

"మా ఇంట్లో మొగుడూ పెండ్లాం ఇద్దరమూ ఏసుకుంటాం," అన్నది వెనుక వరసలో ఒకామె. "రాత్రి తొమ్మిదయితే చాలు, ఆయప్పే నాకు గ్లాసులో పోసిస్తాడు." ఆమె చెప్పింది నీళ్ళ సంగతి.

అయ్యా, సరిగ్గా ఈ సమయమునకు ఆఫీసు సూపరింటెండెంటు గారు ఆ వరండాలో పోవుచుండిరి. వారి చెవుల్లో ఏ లోపమూ లేదు. ప్రతి మాటా సరిగ్గానే విన్నారు. ముఖాలు ఒక్కటే చూడలేదు.

లోపల నేను శెనక్కాయల సంచి మావాడి ఒడిలో పెట్టి, "అందరికీ పంచు రా" అన్నాను. వాడు చెయ్యి పెట్టినాడు. చెయ్యి అడుగుకు పోయింది. అక్కడే ఆగిపోయింది.

"నాయనా, ఇది యాడ నుంచి వచ్చింది?"

"నేను శెనక్కాయలు తెచ్చినా. అడుగున ఏం మొలిచిందో నాకేం తెలుసు?"

"దీని రీడు ఎండిపోయింటాది. పలకదు."

"నీ నోరు ఎండిపోలేదు కదా," అన్నది నాగరత్నమ్మ. "బజ్జీ మీద బజ్జీ లాగిస్తాండావు."

వాడు గుడ్డ విప్పినాడు. ముక్కలు బిగించినాడు. మూతి దగ్గర బిగించే ఆ రీడు బద్దను చాలాసేపు నాలుక మీద పెట్టుకొని తడుపుకున్నాడు. ఊదినాడు. అయ్యా, ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను, తల్లి కనపడని గొర్రెపిల్ల అరిచినట్లు వచ్చింది.

"ఇది పెండ్లికి పనికిరాదబ్బా," అన్నాడు చిన్నస్వామి, "గొర్రెల సంతకు పనికొస్తాది!"

గదంతా నవ్వింది. మావాడు కూడా నవ్వినాడు. నోట్లో క్లారినెట్టు పెట్టుకొని నవ్వితే ఆ నవ్వు కూడా కీ కీ అని అందులో నుంచే బయటికి వచ్చింది. చౌడమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నవి. అవసరమైతే చూపించగలవాడను.

రెండోసారి ఊదినప్పుడు పెళ్ళికూతురిని మండపంలోకి తెచ్చే పాట వచ్చింది. మొదట సన్నగా, తరువాత వరండా నిండుగా. జనరల్ వార్డులో వాళ్ళు లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడినారు. సెలైను ఎక్కుతున్న ఒక ముసలాయన ఆ కడ్డీని కూడా వెంట తోసుకుంటూ వచ్చి, "మా మనవరాలి పెండ్లికి వస్తావా నాయనా? తారీకు ఇప్పుడే చెప్తా" అని అడిగినాడు. ఆసుపత్రిలో శబ్దం చేయకూడదన్న నియమము తప్పిన మాట నిజమే. దానికి జరిమానా వేస్తే నేను కట్టుకుంటాను.

అప్పుడు సూపరింటెండెంటు గారు లోపలికి వచ్చినారు.

"ఇది ఆసుపత్రా, బారా? ఎవరు తాగినారు ఇక్కడ? నేను నా చెవులతో విన్నాను!"

ప్రమోద మేడం చెప్పబోయింది. అంతలో చౌడమ్మ లేచి, "ఉండప్పా, నేను చూస్తా" అని కొంగు నడుముకు దోపుకుంది. ఆమెకు తెలిసిన విద్య ఇది ఒక్కటే, దానికి ఒకరు పని చెప్పినారని ఆమె సంతోషము. వరుసగా మొదలుపెట్టింది.

"ఊదు. బజ్జీ. నువ్వు ఊదు. బజ్జీ, వక్కాకు. నువ్వు ఊదు. బజ్జీ... ఏమబ్బా, పండ్లు తోముకోలేదా నువ్వు?"

మావాడి దగ్గర ఆగింది. వాడు క్లారినెట్టు పక్కన పెట్టి వంగినాడు. ఆమె ఒకసారి పీల్చింది. మళ్ళీ ఒకసారి పీల్చింది.

"బజ్జీ," అన్నది. "ఇంకేమీ లేదు." చెప్పి కొంగుతో ముఖం తుడుచుకుంది. నూనె వాసనకు తుడుచుకుందని అందరూ అనుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ అర్జీ రాయవలసిన పని ఉండేది కాదు. కానీ ఆమె తిరిగి సూపరింటెండెంటు గారి ముందు నిలబడి, "ఇంక నువ్వు ఊదు నాయనా" అన్నది.

"నన్నా?"

"గదిలో ఉండేవాళ్ళందరినీ చూసినా. నిన్నొక్కణ్ణి వదిలిపెడితే మాటొస్తాది."

వారు కోపంతో "ఛీ" అన్నారు. ఛీ అన్నప్పుడు కొంత గాలి బయటికి వస్తుంది కదా అయ్యా. చౌడమ్మకు అది చాలు.

"పాపం, ఈయప్ప పొద్దున్నించి ఏమీ తినలేదబ్బా. కడుపు ఖాళీగా ఉండాది. ఒక బజ్జీ ఇయ్యండి."

వారు బజ్జీ తీసుకోలేదు. క్లారినెట్టు తీసుకున్నారు.

6. మరునాడు గది తలుపుకు తాళం, తాళం పక్కన కాగితం. అందులోని వాక్యములు ఇక్కడ ఎత్తి రాయుచున్నాను: "సదరు రోగులు తాము మందు వేసుకొన్నట్లు బహిరంగముగా ఒప్పుకొనిరి. కొందరు భార్యాభర్తలు ఇరువురును ప్రతి రాత్రి క్రమము తప్పక వేసుకొనుచున్నట్లు కూడా తెలియవచ్చినది. కావున తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు ఈ గది మూసివేయడమైనది." ప్రమోద మేడం గారికి సంజాయిషీ అడుగుతూ మెమో.

ఒప్పుకొనుచున్నాము అయ్యా. వేసుకున్న మాట నిజమే. భార్యాభర్తలు వేసుకుంటున్న మాటా నిజమే. క్రమము తప్పక అన్నది మరీ నిజము, ఆ ముక్కకు ప్రమోద మేడం గారికి మెమో కాదు, దండ వేయవలెను. తమ ఆసుపత్రి గోడ మీద 'మందులు క్రమం తప్పక వాడండి' అని నీలం రంగులో రాయించినది తామే. గోడ చెప్పినట్లు చేసిన వారికి తలుపు మూయుట న్యాయమేనా?

7. మావాడి తాగుడు పూర్తిగా పోయిందని నేను రాయను. అబద్ధపు అర్జీ పెట్టేవాడిని కాను. డాక్టరమ్మ మనసు బాగుపడేందుకు ఇంకొక మాత్ర ఇచ్చినారు, అది నిదానంగా పని చేస్తుందన్నారు. నడుమ నడుమ జారుతున్నాడు, లేస్తున్నాడు. కానీ మొన్న సాయంత్రం చౌడమ్మ గడప మీద శెనక్కాయలు ఒలుస్తూ ఊదమనడం మరిచిపోయి కూర్చుంటే, వాడే ఆమె ముందు వంగి, అడగకుండానే ఊదినాడు. "చూడు మా" అన్నాడు. నిన్న పొద్దున క్లారినెట్టు లేదని చెంబు మూతి మీద పెదవులు పెట్టి ఊదుతున్నాడు. గొర్రెలు బెదిరి దొడ్డి దాటినవి. నేను గొర్రెల వెంట పరుగెత్తుతూ ఒక్కడినే నవ్వుకున్నాను. చూసినవారు నేనే మందు వేసుకున్నాననుకొని ఉంటారు.

నాకు తెలిసిన భయం ఒక్కటే. వచ్చే బుధవారం పదిమంది దూరం ఊళ్ళ నుంచి బస్సు ఎక్కి వస్తారు. తాళం చూస్తారు. ఒకరి ముఖం ఒకరు చూసుకొని వెనక్కి తిరుగుతారు. బస్టాండుకు పోయే దారిలో పొద్దున్నించి తెరిచి ఉండే తలుపు ఏదో తమకు నేను రాయనక్కరలేదు. మావాడు నన్ను రెండుసార్లు అడిగినాడు, "నాయనా, బుధవారం గది ఉంటాదా?" అని. గోడ వైపు తిరిగి పడుకున్నవాడు బుధవారం కోసం అడుగుతున్నాడు. నేను ఏమని చెప్పవలెను?

8. కావున తమను వేడుకొనునది ఏమనగా:

గది తాళం తీయించవలెను. తాళం ఆసుపత్రికి అవసరమనుకుంటే క్లారినెట్టు ఉన్న బీరువాకు వేసుకొనవచ్చును, క్లారినెట్టు బయటికి తీసిన తరువాత.

మెమో వెనక్కి తీసుకోవలెను. ప్రమోద మేడం సంజాయిషీ రాయడానికి కూర్చొని, 'మందు' అన్న మాట దగ్గర నవ్వు ఆపుకోలేక మూడుసార్లు కాగితం చించిందని విన్నాను. ఆమెతో అది అయ్యే పని కాదు.

ఇకమీదట అపార్థము రాకుండా 'మందు' బదులు 'మాత్ర' అని చెప్పించండని ఎవరైనా తమకు సలహా ఇవ్వవచ్చు. మేము అది కూడా ఆలోచించినాము. "మాత్ర ఏసుకున్యా అంటే జలుబు చేసినోని మాదిరి ఉంటాది మేడం, మందేసుకున్యా అంటేనే ఊపు" అని చిన్నస్వామి అడ్డుపడినాడు. నాగరత్నమ్మ ఇంకొక మాట చెప్పింది: "ఆ మాట అంటానే ఇన్నేండ్లు సిగ్గుతో తల దించుకున్యాం. అదే మాట అని చప్పట్లు కొట్టించుకుంటాండాం. మార్చొద్దు మేడం." కాబట్టి మాట ఉండనివ్వవలెను. తలుపు వేసుకొని చెప్పుకుంటాము.

తమరు వీలు చూసుకొని ఒక బుధవారం వచ్చి కూర్చోవలెను. తమకూ చప్పట్లు కొడతాము.

ఇదంతా చిత్తగించి, ఆ తాళంచెవిని కూడా ఒకసారి చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు, హరిప్రసాదుకు నాయన,
గంగప్ప

తా.క.: ఈ అర్జీ వెంట ఒక డబ్బా వస్తుంది. అది లంచము కాదు. చౌడమ్మ చేసిన శెనక్కాయ ఉండలు. సూపరింటెండెంటు గారికి ఇప్పించవలెను. ఆయన పొద్దున తినకుండా ఆఫీసుకు వస్తున్నారని ఆమెకు ఒకటే దిగులు. "నీ మీద కోపమొచ్చినోడికి ఉండలు ఏందే?" అంటే, "కడుపు ఖాళీగా ఉంటే ఎవురికైనా కోపమొస్తాది" అన్నది.

అర్జీ కింద నకలు అని రాసి పెద్దవారి పేర్లు వేయుట పద్ధతి అని చెప్పినారు. నాకు పెద్ద ఆఫీసర్లు ఎవరూ తెలియరు. తెలిసిన వారి పేర్లు వేస్తున్నాను. మావాడు ఊదిన సంగతి వీరికి తెలియవలసి ఉన్నది. "అందరికీ చెప్పు నాయనా, ఏ జబ్బో కూడా చెప్పుకో పో" అని వాడే అన్నాడు.

నకలు:

మా అక్క అన్నమ్మకు, కనగానపల్లి. చెవులు వినపడవు. చెప్పేవారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి ఊదినట్లు చూపిస్తే చాలు. ఆమె ఏడుస్తుంది, భయపడవద్దు.

మా తమ్ముడు హనుమంతుకు, తనకల్లు. పెళ్ళికో చావుకో తప్ప ఫోన్ ఎత్తడు. పెళ్ళి అని చెప్పి ఎత్తించవలెను, తరువాత నేను చూసుకుంటాను.

మా మనవరాలు కీర్తనకు, హిందూపురం. "వీడియో తీసినారా తాతా?" అని అడుగుతుంది. తీయలేదు. అందరి చేతులూ చప్పట్లలో ఉన్నవి.

మా కూతురి అత్త లక్ష్మీనరసమ్మకు, ధర్మవరం. పోయినసారి అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, మావాడికి ఒక్కడికి కాగితం గ్లాసులో ఇచ్చింది. కోపం లేదు, తెలియక చేసింది. గ్లాసు వల్ల ఈ జబ్బు రాదని డాక్టరమ్మ చెప్పిన మాటను కూడా ఈ వార్తతోపాటు చెప్పవలెను. వచ్చే నెల మేము ముగ్గురమూ వస్తున్నాము, కాఫీ తాగుతాము.

మా మరదలు బుజ్జమ్మకు, పెనుకొండ. ఆమెకు చెబితే పెనుకొండలో ఇంకెవరికీ వేరే నకలు అక్కరలేదు.

ఆఖరుగా, మాకు వరుసకు అల్లుడయ్యే ఒకాయనకు. చిన్న వయసు. ఇదే జబ్బు, ఇదే తాగుడు, నెలకు పైగా ఇంట్లో నుంచి బయటికి రాలేదట. మందులకు కూడా రాలేదు. హరిప్రసాదు ఫోన్ చేసి, "నువ్వు రా బావా, నేనుండాను కదా, ఈడ ఎవురూ తిట్టరు" అన్నాడు. "ఎప్పుడు?" అని ఆయన అడిగినాడు. హరిప్రసాదు నా వైపు చూసినాడు. ఆయనకు మేము ఇంకా బదులు చెప్పలేదు. తమరు చెప్పిన తరువాత చెబుతాము.